సంగటికి మీటరు

సంగటికి థర్మామీటరు గుచ్చి చూసే మనిషి ఇంకెవరింట్లోనైనా కనబడి ఉంటే, నేను మా ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూ వచ్చేవాణ్ణి. వచ్చి మా ఆవిడకు చెప్పి, ఇద్దరం కలిసి ఇంకోసారి నవ్వేవాళ్ళం. చివరికి ఆ మనిషిని నేనే అయ్యాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ముందు నా చేతుల గురించి చెప్పాలి. నేను మోటార్లు వైండింగ్ చేసేవాణ్ణి. అనంతపురంలో చిన్న షాపు, బుక్కరాయసముద్రంలో ఇల్లు. బోర్లలో నీళ్ళు లోతుకు పోయేకొద్దీ మోటార్లు కాలిపోవడం ఎక్కువ, నాకు పని ఎక్కువ. జిల్లా అంతా ఎండిపోతుంటే కడుపు నిండిన కొద్దిమందిలో నేనొకణ్ణి. గొప్పగా చెప్పుకునే మాట కాదు గానీ, నిజం అదే. కాలిన తీగ పీకడం, కొత్త తీగ చుట్టడం, వార్నిష్ పోసి వేడికి పెట్టడం, చల్లారకముందే తీసి చూడడం. ఇన్నేళ్ళు ఇదే పని చేసేసరికి వేళ్ళ చర్మం చెప్పు అట్టలా తయారైంది. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేస్తాను. మా ఆవిడ చూసినప్పుడల్లా "అవి చేతులా, పట్టకార్లా?" అనేది.

ఇక నా బుద్ధి సంగతి. నేను మనిషి మాట నమ్మను, మీటరు మాట నమ్ముతాను. రైతు వచ్చి "కరెంటు బాగానే వస్తాండాదన్నా, మోటారే సరిగ ల్యాదు" అంటే, పోయి ఓల్టు మీటరు పెట్టి చూసేదాకా ఊరుకోను. ఆ మీటరునైనా ఊరికే నమ్మను. కొత్త మీటరు కొంటే, సరైన లెక్క నాకు ముందే తెలిసిన చోట పెట్టి చూస్తాను. తేడా కొట్టిందంటే అంగడివాడి మొహాన కొట్టి వస్తాను. షాపులో నాకు పేరు వచ్చిందే ఈ పద్ధతి వల్ల.

మా ఆవిడది కంబదూరు దగ్గర పల్లె. వాన మీద బతికే చేలు, రాగులు, శెనక్కాయ. ఆమెకు అన్నం తిన్నా తిన్నట్టు ఉండదు. మధ్యాహ్నం రాగి సంగటి ఉండాల్సిందే. అదీ పొగలు కక్కుతుండగా పళ్ళెంలో వేసి, నడిమధ్య గుంత చేసి నెయ్యి పోసి, పక్కన రోట్లో నూరిన ఊరిబిండో చింతాకు పప్పో పెట్టుకుని కూర్చునేది. సంగటి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దాన్ని నమలరు. వేళ్ళతో కొంచెం తుంచి, ఉండ చేసి, పప్పులో అద్ది, నాలిక మీద పెట్టి మింగేయడమే. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది. మా ఆవిడ మింగుతుంటే చూడముచ్చటగా ఉండేది. కళ్ళు ఒక్క క్షణం మూసుకుని తెరిచేది. పెళ్ళయిన కొత్తలో ఆ కళ్ళ కోసమే నేను మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన ఏడు ఎండలు ముదరకముందే ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, కుడి దవడ పోయాయి. ఆసుపత్రిలో ఉంచి, మందులిచ్చి, కసరత్తులు నేర్పి పంపారు. కాలు కొంచెం తిరిగింది. మాట కూడా ముద్దముద్దగానైనా వచ్చింది. నోట్లో కుడిపక్కన మాత్రం స్పర్శ రాలేదు. చలువా తెలియదు, వేడీ తెలియదు. ఆ సంగతి టీ వల్ల బయటపడింది. నేనే కాచి, గ్లాసు పట్టుకుని చూసి, వెచ్చగా ఉందనుకుని ఇచ్చాను. ఆమె హాయిగా తాగింది. మర్నాడు మా అమ్మాయి పళ్ళు తోమిస్తూ చూసి, "అమ్మా, బుగ్గ లోపల ఎట్ల పొక్కింది సూడు!" అని కేక వేసింది. నా చేతికి వేడి తెలియదు, ఆమె నోటికి వేడి తెలియదు. ఒకరికొకరం బాగానే దొరికాం.

అమ్మాయి అనంతపురంలోనే ఒక ఆఫీసులో పని చేస్తుంది. పిల్లలు, సంసారం, ఉద్యోగం. ఆదివారాలు స్కూటర్ మీద వచ్చి వాళ్ళమ్మ పనులన్నీ చేసి పోతుంది. మిగతా రోజులు వంట నాదే. గంజి, మెత్తటి ఇడ్లీ, మళ్ళీ గంజి. నెలలు అట్లాగే గడిచాయి.

"ఏమప్పా, ఈ గంజి ఇంగ ఎన్నాళ్ళు?" అని మా ఆవిడ ఒకరోజు గిన్నె పక్కకు నెట్టింది. "నోరు సచ్చినా ఆశ సావల్యా. రొంత సంగటి పెట్టు."

నాకు సంతోషం వేసింది. జబ్బు చేశాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరును అడిగాను. ఆయన మింగడం పరీక్ష చేసి చూశాడు. మెత్తగా చేసి, నెయ్యి వేసి, చిన్న చిన్న ఉండలుగా పెట్టొచ్చని చెప్పాడు.

"కానీ వేడిగా వద్దు. నోట్లో కాసేపు ఉంచుకుని, ఎడమ పక్కన వేడి లేదని తెలిశాకే మింగాలమ్మా," అన్నాడు.

మా ఆవిడ వంకర మూతితోనే నవ్వింది. "సంగటి నోట్లో పెట్టుకోని కూసుంటారా సార్? అది నాలికె మింద పడితే నిలుస్తాదా?"

ఆయనకు సంగటి తినే అలవాటు లేనట్టుంది. సరే, గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టండని నాతో అన్నాడు.

"గోరువెచ్చగా అంటే ఎంత సార్?"

"చెయ్యి పెడితే తెలుస్తుంది కదా?"

నా చేతులు రెండూ ఆయన బల్ల మీద పెట్టాను. "వీటికి తెలియదు సార్. మీటరు లెక్క చెప్పండి." ఆయన నా వేళ్ళ వంక చూసి, నలభై ఐదు డిగ్రీలు దాటనివ్వొద్దన్నాడు. నాకు లెక్క దొరికింది. లెక్క దొరికితే ఇక నన్ను పట్టేవాడెవడు?

బాగా చల్లారనిచ్చి పెడితే పోదా అని మీకు తోచవచ్చు. చల్లారిన సంగటి రాయిలా బిగుసుకుంటుంది. బాగున్నవాళ్ళకే గొంతు దిగదు, ఈమెకు అడ్డం పడితే ఇంకేమన్నా ఉందా? వేడి తగ్గి, ఇంకా బిగుసుకోని ఆ కాసేపట్లోనే పెట్టాలి. ఆ కాసేపు ఎప్పుడో తెలియాలి.

మొదట ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరును పలచటి కవరులో చుట్టి సంగటిలో గుచ్చాను. అది కుయ్యిమని అరిచి, అంకె బదులు ఒక ఇంగ్లీషు అక్షరం చూపించింది. నలభై రెండు దాటితే దాని చదువు అంతేనట. మా ఆవిడ మంచం మీద నుంచి చూస్తూ, "దానికి జరమొచ్చినాది, మాత్రెయ్యి," అంది. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వాం. సంగటి మాత్రం చల్లారి గట్టిపడింది. అది నేను తిన్నాను, ఆమె గంజి తాగింది.

తర్వాత షాపులో ఉన్న తుపాకి మీటరు తెచ్చాను. మోటారు బేరింగులు కాలుతున్నాయో లేదో దూరం నుంచే చూసే వస్తువు అది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, అంకె వస్తుంది. నా దగ్గరే ఇంత మంచి సాధనం పెట్టుకుని ఊరంతా వెతికానే అనుకున్నాను. కొత్తగా సంగటి చేసి, ముద్ద కట్టి, ఎర్రచుక్క వేశాను. కాసేపటికి అంకె దిగింది, నలభై మూడు. గర్వంగా పళ్ళెం తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె ఎడమ చేత్తో ముద్దను రెండుగా విరిచింది. లోపల నుంచి పొగ లేచింది.

"లోపల కాల్తాండాది సూడప్పా! పైన సల్లగైతే సంగటి సల్లగైనట్లా?"

అది పై చర్మం వేడి మాత్రమే చూస్తుందని నాకు తెలియనిది కాదు. బేరింగుకు పైన ఎంతో లోపలా దాదాపు అంతే. సంగటికి అట్లా కాదు. మోటారుకు తెలిసిన లెక్కను ముద్దకు వేశాను. ఆమె విరవకుండా మింగి ఉంటే గొంతు దాకా కాలిపోయేది. తన ఎడమ చేత్తో చూసి చెబుతానని ఆమె అన్నా, చెయ్యి చెప్పే మాట మీద నాకు నమ్మకం లేదు. మీటరు కావాలి, కానీ లోపలికి గుచ్చేది కావాలి.

అనంతపురంలో పాత్రల అంగళ్ళు, కరెంటు సామాన్ల అంగళ్ళు తిరిగాను. జ్వరానివి ఉన్నాయి, గోడకు తగిలించేవి ఉన్నాయి, వంటకు గుచ్చేవి లేవు. "సంగటికా అన్నా?" అని ఒకడు పక్కవాడికి కన్ను కొట్టాడు. వాణ్ణి తిట్టి బయటికి వచ్చాను. ఆదివారం అమ్మాయి వచ్చాక ఇద్దరం దాని ఫోను ముందు కూర్చున్నాం. అందులో ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. పొడుగు ఊచవి, కత్తిలా మడిచేవి, తీగ చివర ఊచ ఉండేవి, వేడి చేరగానే కూత పెట్టేవి. అమ్మాయి మొదటిదాన్నే చూపించి "ఇది బాగుంది నాయనా, నొక్కనా?" అంది. నేను ఊరుకుంటానా? ఊచ ఎంత సన్నం? లావైతే చిన్న ఉండ చీలిపోతుంది. అంకె రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆలస్యమైతే ఆలోపే సంగటి బిగుస్తుంది. అంకెలు నా కళ్ళకు ఆనుతాయా? నీళ్ళలో కడగొచ్చా? కొన్నవాళ్ళ మాటలన్నీ చదివించాను. ఒకడు బాగుందన్నది ఇంకొకడు తిట్టాడు. ఆ ఆదివారం తేలలేదు. తర్వాతి ఆదివారం తేలింది. మడిచే రకం, సన్నటి ఊచ, పెద్ద అంకెలు.

అది వచ్చిన రోజు ఇల్లు పండగలా ఉంది. మా ఆవిడ ఆ పొద్దునే వాళ్ళ ఊరి రాగుల పిండి నా చేత జల్లింపజేసింది. పొయ్యి మీద ఎసరు పెట్టించింది. నేను డబ్బా విప్పి, మెరిసే ఊచను చూసి మురిసిపోయాను. ఇక నా పద్ధతి ఉంది కదా. కొత్త మీటరును ఊరికే నమ్మను. ఫ్రిజ్‌లో నుంచి మంచు గడ్డలు తీసి, నలగ్గొట్టి, నీళ్ళు పోసి గుచ్చాను. సున్నా. శభాష్ అన్నాను. తర్వాత తెర్లుతున్న ఎసట్లో గుచ్చాను. చిన్నప్పుడు బడిలో చదివినది ఒక్క ముక్క అయినా మరిచిపోని వాణ్ణి. మరిగే నీళ్ళు వంద డిగ్రీలు. మీటరు తొంభై ఎనిమిది దాటి, తొంభై తొమ్మిది అందుకోబోయి, అక్కడే నిలబడింది. మంట పెంచాను. కదల్లేదు. నీళ్ళు దబదబా తెర్లుతున్నాయి, అది తొంభై తొమ్మిదికి కూడా చేరలేదు.

"ఇది తప్పుడు మీటరు," అన్నాను.

"ఎంత తప్పు?" అంది మా ఆవిడ.

"ఒక డిగ్రీ పైన తక్కువ కొడ్తాండాది."

"ఒక డిగ్రీకి నేనేమైతా? పిండి పొయ్యి."

పొయ్యలేదు. ఒకచోట అబద్ధం చెప్పిన మీటరు ఇంకోచోట నిజం చెబుతుందని నమ్మకమేముంది? ఆ మాటే ఆమెతో అన్నాను. ఎసట్లో నూకలు పోసి గంజి కాచాను. అమ్మాయికి ఫోన్ చేసి, వెంటనే వాపసు పంపమని, ఇంతకంటే మంచిది తెప్పించమని చెప్పాను.

"నాయనా, మీటరు వచ్చేదాకా ఏంటికి? ఆదివారం నేనొచ్చి సంగటి చేసి, నా చేత్తో చూసి పెడతాలే," అంది అమ్మాయి.

"ఈ ఆదివారం నువ్వొస్తావు. సోమవారం ఎవరొస్తారు? మంచి మీటరు రానీ. వస్తే దినామూ తినొచ్చు."

మా ఆవిడ మా మాటలు వింటూనే ఉంది. ఫోను పెట్టేశాక నా మొహం చూసి, "రానీలే. ఇన్నాళ్ళు ఓర్సుకున్న్యా, ఇంగ నాలుగు దినాలు ఓర్సుకోల్యానా?" అంది. నా మీద నమ్మకంతోనే అంది. కోపంతో అని ఉంటే ఈ రోజు నాకింత కష్టంగా ఉండేది కాదు.

ఆ ఆదివారం అమ్మాయి వచ్చింది. ఇల్లు సర్ది, తల దువ్వి, ఇడ్లీ పెట్టి పోయింది. సంగటి మాట ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు. మీటరు వస్తుంది కదా అనుకున్నాం.

మీటరు కంటే ముందు జబ్బు వచ్చింది. పొద్దున్నే మొహం కడుక్కుంటూ చెంబు వదిలేసింది. నేను పట్టుకునేసరికి తల వాలిపోయింది. ఆసుపత్రిలో మళ్ళీ అవే పరీక్షలు, అదే మంచం. ఈసారి మాట పూర్తిగా పోయింది. గొంతు పడిపోయింది. చుక్క నీళ్ళు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, ఇక నోటితో ఏమీ పెట్టకూడదని చెప్పారు. కడుపులోకి గొట్టం వేశారు. ఎప్పటికైనా తిరిగి మింగగలదా అని డాక్టరును అడిగాను. ఆయన నా చేతుల వంక చూస్తూ, ఆశ పెట్టుకోవడం కష్టమని మెల్లగా చెప్పాడు.

ఇంటికి తీసుకొచ్చేటప్పుడు నర్సమ్మ గొట్టంలో జావ ఎట్లా పోయాలో నేర్పింది. పలచగా ఉండాలి, వడగట్టాలి, వేడిగా ఉండకూడదు. వేడి అనేసరికి గుర్తొచ్చింది. మేము ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చిన పెట్టెను పక్కింటివాళ్ళు తీసి ఉంచారు. అది మొదటిదానికంటే ఖరీదైన మీటరు. దాన్ని విప్పాను. అలవాటు ఎక్కడికి పోతుంది? మంచులో గుచ్చితే సున్నా. మరిగే నీళ్ళలో గుచ్చాను. తొంభై ఎనిమిది దాటింది, తొంభై తొమ్మిది అందుకోబోయింది, అక్కడే నిలబడింది.

మొదట ఒళ్ళు మండిపోయింది. ఈ దేశంలో ఒక్కడైనా సరైన మీటరు చేయలేడా అని గిన్నె ముందు నిలబడి అరిచాను. అరిచాక, పనివాడి బుద్ధి మెల్లగా తిరిగింది. వేరు వేరు కంపెనీల మీటర్లు రెండూ ఒకే అంకె దగ్గర నిలబడ్డాయంటే, తప్పు మీటర్లది కాదు. వంద అన్న మాటదే. అమ్మాయికి ఫోన్ చేసి, నీళ్ళు వంద డిగ్రీల దగ్గరే మరుగుతాయా అని అడిగాను. అది చూసి చెప్పింది. సముద్రం ఒడ్డున వందేనట. భూమి ఎత్తుకు పోయేకొద్దీ తగ్గుతుందట. మన ఊరి ఎత్తుకు ఒక డిగ్రీకి కాస్త పైన తగ్గుతుందట.

అనంతపురం రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు ఉంటుంది. ఊరి పేరు కింద, సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని రాసి ఉంటుంది. బెంగళూరు నుంచి రాగి తీగ తేవడానికి జీవితమంతా ఆ బోర్డు కిందే నిలబడి రైలెక్కాను. అది ఎందుకు రాశారో ఒక్కసారీ ఆలోచించలేదు. మా నీళ్ళు వంద దాకా పోవు. ఈ గడ్డ మీద ఏ పొయ్యి మీదా, ఏ రోజూ పోలేదు. మొదటి మీటరు నిజమే చెప్పింది. మా ఆవిడ కూడా నిజమే చెప్పింది, ఒక డిగ్రీకి నేనేమైతా అని. ఆ రోజు ఎసరు తెర్లుతూ ఉంది, పిండి జల్లించి ఉంది, ఆమె గొంతు బాగుంది.

అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "నీకేం తెలుసు నాయనా, మంచికే కదా చేసినావు," అంది. మంచికే చేశాను. దానితో ఏమీ తగ్గడం లేదు. నాలుగు ముద్దలు తిని ఉండేది, అంతే కదా అని నాకు నేను చెప్పుకుంటాను. ఆ నాలుగు ముద్దల కోసమే ఆమె నెలల పాటు కసరత్తులు చేసింది. అవి ఆమెకు అందకపోవడానికి కారణం జబ్బు కాదు. మీటరును పరీక్ష చేయడం మాత్రమే తెలిసిన నా బడాయి.

ఇప్పుడు మీటరు రోజూ పని చేస్తోంది. రాగి జావ కాచి, వడగట్టి, గుచ్చి చూసి, గొట్టంలో పోస్తాను. అది నాలిక దాకా రాకుండానే కడుపులోకి పోతుంది. రుచి లేదు, వాసన లేదు. పోస్తున్నంతసేపూ ఆమె ఇంటి పైకప్పు వైపు చూస్తుంటుంది. ఆమెకు ఆశ రేగకూడదని నేను ఇంట్లో సంగటి జోలికే పోకుండా, షాపు దగ్గర ఏదో ఒకటి తినేసి వచ్చేవాణ్ణి.

పోయిన వారం మధ్యాహ్నం జావ పోసి లేస్తుంటే ఆమె ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది. వదిలి, గాలిలో వేళ్ళతో ఉండ చేసింది. "నీకు పెట్టకూడదు మే, గొంతుకు అడ్డం పడ్తాది," అన్నాను. తల అడ్డంగా ఊపి, వేలు నా వైపు చూపింది. మళ్ళీ ఉండ చేసి, నా నోటి వైపు చూపింది. వద్దన్నాను. ఆమె కళ్ళు ఎర్రజేసింది. ఆ చూపు నాకు తెలుసు, ఇక తప్పదు.

సంగటి చేశాను. పొగలు వస్తుండగానే పళ్ళెంలో వేసుకుని, నెయ్యి పోసుకుని, ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. మొదటి ఉండ చేతిలో పట్టుకుని ఊరికే ఉండిపోతే, మోచేత్తో పొడిచింది. మింగాను. గొంతు కాలింది. ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసుకుని తెరిచింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఇట్లాగే తింటున్నాను, తినకపోతే ఒప్పుకోదు. నేను మింగిన ప్రతిసారీ ఆమె కూడా మింగబోతుంది. మెడ మీది నరాలు లేస్తాయి, గొంతు కదలదు.